ఎడమ కాలి కింది చేతులు

పెనం మీద సాసేజ్ ముక్కలు చిటపటలాడుతున్నాయి. వాటిని తిప్పే సంగతి మరిచిపోయి మిస్టీ రాట్లిఫ్ కూతురి జుట్టు నెత్తిమీదికి బిగించి కడుతోంది. ముడి గట్టిగా కుదిరాక దాని మీద అరచెయ్యంత ఎర్ర రిబ్బను పువ్వు గుచ్చాలి.

"అబ్బా! వెంట్రుకలు ఊడొస్తున్నాయమ్మా."

"ఊడితే ఊడనీ. వదులుగా కడితే రెండు గెంతులకే వేలాడిపోద్ది. మీ కోచ్ నెత్తి చూశావా, పిచ్చుక గూడులా ఉంటుంది. అలా తిరుగుతావా నువ్వు కూడా?"

"కోచ్ జుట్టుకేమైంది?"

"ఏమీ కాలేదు. ఇంకేమవ్వాలని?"

పేస్లీ నవ్వు ఆపుకుని, గ్రేవీలో ముంచిన బిస్కెట్ రొట్టె నోట్లో కుక్కుకుంది. పన్నెండేళ్ళ పిల్ల. తండ్రి పోలిక. వెడల్పాటి భుజాలు, బలమైన చేతులు, తల్లి బూట్లలో పట్టని పాదాలు. ఆ పోలిక చూసినప్పుడల్లా మిస్టీకి ఎవరో తనను మోసం చేసినట్టుండేది.

గ్యాసు కంపెనీ కోటు తొడుక్కుంటూ క్లింట్ వంటింట్లోకి వచ్చాడు. మాడు వాసన పసిగట్టి, ఏమీ అనకుండా పెనం దించాడు.

"పొద్దున్నే కోచ్ ట్విలా మీద పడ్డావా?" అన్నాడు.

"పడక? హైస్కూల్లో కింద నిలబడి నా ఎడమ కాలు మోసిన మనిషి వచ్చి ఇవాళ నా కూతురికి కొలతలు తీస్తోంది. నువ్వు కింద నిలబడు, నువ్వు పైన నిలబడు అని. ఎవరే నువ్వు చెప్పడానికి?"

"మోసింది కదా. ఎప్పుడైనా పడేసిందా?"

"నీకేం తెలుసు చీర్ సంగతి! నువ్వప్పుడు బ్యాండులో ట్యూబా ఊదేవాడివి. ఆ బాకా వెనక నీ మొహమైనా కనపడేది కాదు."

క్లింట్ ఆ మాట ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాడు. కాఫీ గ్లాసు తీసుకుని, కూతురికి కన్నుగీటి వెళ్ళిపోయాడు.

ఈ కొండ ఊళ్ళో మిస్టీ చిన్నచూపు చూడనిది ఏదైనా ఉందంటే అది హాల్లో గోడకు వేలాడే ఫొటో ఒక్కటే. హైస్కూలు రోజుల్లోది, ఆట మధ్యలో జట్టుని హుషారెత్తించే చీర్ అమ్మాయిలు ఒకరిని పైకెత్తి నిలబెట్టే విన్యాసం. ఫుట్‌బాల్ మైదానం దీపాల వెలుగులో ఆమె గాల్లో నిలబడి ఉంటుంది. రెండు చేతులూ ఆకాశంలోకి చాచి, గడ్డం పైకెత్తి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ. ఫ్రేములో పట్టలేదని కింది భాగం ఆమే కత్తిరించింది. మోసిన అమ్మాయిలంతా ఆ కత్తిరింపులో పోయారు. ఎడమ బూటు చుట్టూ బిగుసుకున్న నాలుగు వేళ్ళు మాత్రం మిగిలాయి. ఆ వేళ్ళు ట్విలావి.

ఆ తర్వాత మిస్టీ పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో కూర్చుని ఫోన్లు ఎత్తుతూ బతికింది. ఊళ్ళో గనులు మూతపడ్డాయి, జనం తగ్గారు, ఆమె గడ్డం మాత్రం దిగలేదు. వేసవి చివర్లో పేస్లీ "నేను చీర్‌లీడింగ్‌లో చేరతానమ్మా" అన్న రోజున, ఊరంతటినీ క్షమించేసినంత సంతోషం కలిగింది ఆమెకి. బూట్లు కొనిపెట్టింది. పెరట్లో గడ్డి మీద పల్టీలు కొట్టించింది. చేతులు కర్రల్లా చాచడం, అరుపు గొంతులోంచి కాక పొట్టలోంచి రావడం నేర్పింది. తీరా ఎంపికలయ్యాక ట్విలా ఆ పిల్లని కింద నిలబెట్టింది. పైన నిలబడడానికి మేసీ అనే పిల్లని తీసుకుంది. ఎముకల గూడు, అని ఆ పిల్లకి ఊళ్ళో పేరు కూడా పెట్టింది మిస్టీ. గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. చక్రాల మీది ట్రెయిలర్ ఇంట్లో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది.

"కూలిపని," అని ఆ రోజంతా తిట్టింది మిస్టీ. "నా కూతురు మూటలు మోస్తుందట."

అయితే ఆమె ఓటమి ఒప్పుకునే రకం కాదు. కింద నిలబడినా సరే, చూసేవాళ్ళ కళ్ళు కూతురి మీదే పడాలి. పడితే ఎవరో ఒకరు గుర్తిస్తారు, వచ్చే ఏడు పైకి ఎక్కిస్తారు. దానికొక ఉపాయం కనిపెట్టింది.

"గుర్తుంది కదా?" అంటూ ఇప్పుడు కూతురి ముందు వంగి, చూపుడు వేలు తన గడ్డం కింద పెట్టుకుని పైకి లేపింది. "నేనిలా అనగానే ఏం చెయ్యాలి?"

"ముందుకి చూడాలి. నవ్వాలి."

"అదీ. ఊరికే నోరు తెరుచుకుని ఆ పిల్ల కాళ్ళకేసి చూస్తూ ఉంటే నువ్వు కంచె గుంజలా కనిపిస్తావు. గుంజని ఎవడు చూస్తాడు?"

"కోచ్ పైకే చూడమంటుందమ్మా. చూపు తిప్పొద్దంటుంది."

"తను బతుకంతా పైకే చూసింది. ఎక్కడుందో చూడు."

పేస్లీ రిబ్బను పువ్వు తడుముకుంది. "మొదటి ఆట దాకా మమ్మల్ని ఉంచేదీ తీసేసేదీ చెప్పదట. తప్పు చేస్తే తీసేస్తుంది. నాకు ఉండాలని ఉందమ్మా. నిజంగా."

"ఉంటావు. నా మాట వింటే ఉంటావు."

*

సాయంత్రం ప్రాక్టీసు. ఒకప్పుడు కిరాణా దుకాణంగా నడిచిన షెడ్డులో ట్విలా జిమ్ పెట్టింది. నీలం చాపలు పరిచినా ఉల్లిపాయల వాసన ఇంకా పోలేదని మిస్టీ నమ్మకం. తల్లులు గోడవారన బెంచీ మీద కూర్చుంటారు. వాళ్ళ నెత్తిన పెద్ద అక్షరాల బోర్డు: 'బెంచీ మీద నుంచి ఎవరూ కోచింగ్ ఇవ్వకూడదు.' మిస్టీ ఆ బోర్డు కిందే కూర్చుంది.

పక్కన మేసీ అమ్మమ్మ ఒపల్ ఊలు దుప్పటి అల్లుతోంది. ఆకుపచ్చ, నారింజ, ఊదా. చూస్తేనే కళ్ళు మండేలా.

"మీ పేస్లీ మంచి బలమైన పిల్ల," అంది ఒపల్.

"మీ మేసీకి కాస్త తిండి పెట్టొచ్చుగా?"

"పెడుతున్నానమ్మా. మొన్న ఒక్కత్తే గిన్నెడు చిక్కుడు గింజలు లాగించింది. ఎక్కడికి పోతుందో తెలీదు."

"ఆఁ, కనపడుతూనే ఉంది. ఎక్కడికో పోతోంది."

ఒపల్ నవ్వేసి మళ్ళీ సూది ఆడించింది. ఎద్దేవా చేసినా తెలియని మనుషులంటే మిస్టీకి మరీ చిరాకు.

ట్విలా చప్పట్లు కొట్టింది. పొట్టిగా, మందంగా ఉండే మనిషి, ఒక మోకాలికి పట్టీ. పిల్లలు నలుగురు చాప మధ్యకి వచ్చారు. ఎడమ పక్క పేస్లీ, కుడి పక్క ఎమరీ అనే పిల్ల, వెనక కాపు కాసే పిల్ల, మధ్యలో మేసీ.

"ఏంటి రూలు?" అంది ట్విలా.

"పైనున్నవాళ్ళు కిందికి చూడకూడదు!" అని మేసీ అరిచింది.

"కిందున్నవాళ్ళు?"

"చూపు తిప్పకూడదు!" అని మిగతా ముగ్గురూ అరిచారు.

"ఎందుకు తిప్పకూడదు?"

"పైనున్నది కిందికి చూడదు కాబట్టి!"

పిల్లలు మోకాళ్ళు వంచారు. మేసీ వాళ్ళ అరచేతుల్లో కాళ్ళు పెట్టింది. ఒక్క ఊపులో వాళ్ళ భుజాల ఎత్తుకి లేచింది. చేతులు చాచింది. మేసీ ఎడమ పాదం పేస్లీ చేతుల్లో ఇటుకలో మేకులా నిలబడింది. పేస్లీ మెడ వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరుచుకుని, ఆ పిల్ల మొహానికేసి కన్నార్పకుండా చూస్తోంది.

కంచె గుంజ, అనుకుంది మిస్టీ. అచ్చం కంచె గుంజ.

అప్పుడే తలుపు తోసుకుని హైస్కూలు చీర్ జట్టు కోచ్ లోపలికి వచ్చింది. పెద్ద పిల్లల కోచ్. ఎవరెవరు బాగున్నారో చూసిపోవడానికి అప్పుడప్పుడు వస్తుందని విన్న మనిషి. మిస్టీ బెంచీ అంచుకి జరిగింది. గొంతు సవరించింది. పేస్లీ కన్ను ఒక్క క్షణం ఇటు తిరిగింది.

మిస్టీ చూపుడు వేలు గడ్డం కింద పెట్టుకుని పైకి లేపింది.

పేస్లీ మొహం ముందుకి తిప్పింది. నవ్వింది. ఎంతో అందంగా, తల్లి పెరట్లో నేర్పినట్టే, పళ్ళన్నీ కనపడేలా.

అదే క్షణంలో మేసీ ఎడమ మోకాలు కదిలింది. పేస్లీ చూస్తూ ఉంటే ఆ కదలికకి చేతులు సర్దుకునేవి. చూడలేదు. పాదం జారింది. వెనక పిల్ల నడుము అందుకునేలోపే మేసీ పక్కకి ఒరిగి, చెయ్యి ముందు పెట్టి చాప మీద పడింది. కర్ర విరిగినట్టు చిన్న చప్పుడు వినిపించింది. మేసీ ఏడవలేదు. మణికట్టు వంక ఆశ్చర్యంగా చూసుకుంది. ఒపల్ ఒళ్ళోని ఊలుండ దొర్లుకుంటూ చాపల మీదికి పోయింది.

ట్విలా మోకాళ్ళ మీద కూర్చుని మేసీ చెయ్యి కదలకుండా పట్టుకుంది. అంబులెన్స్‌కి ఎవరో ఫోన్ చేశారు. అప్పుడు ట్విలా తలెత్తి పేస్లీని చూసింది. అరవలేదు.

"చూపు ఎందుకు తిప్పావు?"

పేస్లీ పెదవులు కదిలాయి. బెంచీ వైపు చూడలేదు. ఎంత బలవంతాన చూడకుండా ఉందో మిస్టీకి తెలిసింది.

"తెలీదు కోచ్," అంది.

"తెలీకపోతే ఇంటికి వెళ్ళి ఆలోచించు. శనివారం పొద్దున రా. నిన్ను ఉంచుకోవాలో లేదో అప్పుడు చెప్తాను."

*

కారులో మిస్టీ ఒక్క నిమిషం కూడా ఊరుకోలేదు.

"దానికి నిలబడ్డం చేతకాదు, నేరం నీ మీద! గట్టి ఎముకలైతే విరుగుతాయా? ఆ ట్విలా చూడు, అందరి ముందూ ఎలా నిలదీసిందో. జిమ్ అట జిమ్. ఉల్లిపాయల గోదాము."

పేస్లీ కిటికీలోంచి కొండవాలు చూస్తూ కూర్చుంది. ఇంటికి రాగానే నెత్తిన రిబ్బను పువ్వు పీకి భోజనాల బల్ల మీద పెట్టింది. దానికి రెండు మూడు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి.

"నేనిక వెళ్ళను."

"ఏంటీ?" అన్నాడు క్లింట్, మొక్కజొన్న రొట్టె కోస్తూ. "ఏమైంది బంగారం?"

"మేసీ చెయ్యి విరిగింది. నా వల్ల."

"నీ వల్ల కాదని చెప్తున్నానా లేదా?" మిస్టీ కోటు కుర్చీ మీదికి విసిరింది. "క్లింట్, శనివారం నేనే వెళ్తాను. ఆ ట్విలాని అందరి ముందూ కడిగేస్తాను. మోసేదానికి కోచ్ వేషాలా? నా కూతుర్ని పైకెక్కించి ఉంటే అసలు ఇదంతా జరిగేదా? దీనికి నడక నేర్పింది నేను, నవ్వు నేర్పింది నేను..."

"నవ్వు నేర్పింది నువ్వే!" అని పేస్లీ అరిచింది. ఆ పిల్ల గొంతు పెరట్లో నేర్పినట్టే పొట్టలోంచి వచ్చింది. గిన్నెలు ఝల్లుమన్నాయి. "గడ్డం కింద వేలు పెట్టింది కూడా నువ్వే!"

క్లింట్ కత్తి ఆపాడు. "ఏం వేలు?"

పేస్లీ తల్లి వంక చూసింది.

"మిస్టీ. ఏం వేలు?"

"అదొక సైగ. అంతే. ముందుకి చూడమని. నవ్వమని. ఏ తల్లైనా చేస్తుంది."

"పైన ఒక పిల్ల నిలబడి ఉండగానా?"

"క్లింట్, నీకు ఆ ఆట తెలీదు..."

"తెలీదు. బాకా వెనక ఉండేవాణ్ణి." అతను రొట్టె పక్కకి నెట్టేశాడు. "కానీ అక్కణ్ణుంచే ప్రతి శుక్రవారం నిన్ను చూసేవాణ్ణి. నువ్వు ఎప్పుడూ కిందికి చూడలేదు. నేను మాత్రం వాళ్ళని చూసేవాణ్ణి. ట్విలా మెడ నరాలు పొంగి ఉండేవి. ఆ పిల్ల కళ్ళు నీ మీంచి ఒక్కసారి కూడా కదలడం నేను చూడలేదు. నువ్వు దాన్ని కూలీ అంటావు."

"చాలు. నీ ఉపన్యాసం చాలు."

"దీనికి మాత్రం కళ్ళు తిప్పమని నేర్పావు."

పేస్లీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మిస్టీ పువ్వు తీసి చెత్తబుట్టలో వెయ్యబోయి ఆగింది. గోడ మీద ఫొటోలో తను నవ్వుతూనే ఉంది. ఎడమ బూటు దగ్గర నాలుగు వేళ్ళు, గోళ్ళు తెల్లబడేంత గట్టిగా.

అయినా ఆమె మనసు మారలేదు. రాత్రంతా ట్విలాని ఏమేమి అనాలో మాటలు పేర్చుకుంటూనే ఉంది.

*

శనివారం ఆమె నిద్ర లేచేసరికి పేస్లీ ఇంట్లో లేదు. బల్ల మీద రిబ్బను పువ్వు కూడా లేదు. మిస్టీ కారు తీసుకుని జిమ్‌కి వెళ్ళింది. పేర్చుకున్న మాటలు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. కారు ఆపి తలుపు దాకా వచ్చి, లోపల కూతురి గొంతు విని ఆగింది.

"నేను వేరే ఏదో ఆలోచిస్తున్నాను," అంటోంది పేస్లీ. "అంతే. ఎవరూ ఏమీ చెప్పలేదు. నాదే తప్పు."

"ఏం ఆలోచిస్తున్నావ్?" ట్విలా గొంతు.

"ఇంటి గురించి. భోజనం గురించి."

"భోజనం గురించా?" అంది మేసీ. "ఆకలేస్తే చెప్పొచ్చుగా. నా బ్యాగులో చిప్స్ ఉంటాయిగా."

"మేసీ, నువ్వు ఊరుకో," అంది ఒపల్.

"పేస్లీ," ట్విలా మెల్లగా అంది, "నువ్వు అబద్ధం చెప్తున్నావు. చెప్పినన్నాళ్ళూ నిన్ను ఉంచుకోలేను. కారణం తెలీకపోతే అదే మళ్ళీ జరుగుతుంది. ఇంకో పిల్ల పడుతుంది. చివరిసారి అడుగుతున్నా. ఎందుకు తిప్పావు?"

మిస్టీ తలుపు సందులోంచి చూసింది. చాప మీద నిలబడి ఉంది పేస్లీ. పువ్వు చేతిలో నలుగుతోంది. భుజాలు వెడల్పుగా, కాళ్ళు దూరంగా, మోకాళ్ళు కొంచెం వంగి. బరువు మోసేటప్పుడు నిలబడే తీరు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోవడం లేదు.

"నాదే తప్పు కోచ్."

ఆ పిల్ల చేతుల్లో ఇప్పుడెవరున్నారో అప్పుడు అర్థమైంది మిస్టీకి. ఆమె పేర్చుకున్న మాటలన్నీ ఒక్కసారిగా కూలాయి. లోపలికి నడిచింది.

"నేనే," అంది. అందరూ తలుపు వైపు తిరిగారు. మళ్ళీ అంది. "నేనే తిప్పించాను. బెంచీ మీంచి సైగ చేశాను. గడ్డం ఎత్తమని, నవ్వమని. హైస్కూలు కోచ్ చూస్తుందని."

ఒపల్ లేచి నిలబడింది. ఎప్పుడూ నవ్వే ఆ మొహంలో నవ్వు లేదు.

"నీ గడ్డం ఏళ్ళ తరబడి చూస్తున్నామమ్మా ఈ ఊళ్ళో. డాక్టరు దగ్గర పంటి నొప్పితో వచ్చి నిలబడితే ముందు నీ గడ్డమే కనపడేది. దించితే ఎలా ఉంటుందో చూడాలని ఉంది. నా పిల్లకి ఎముకల గూడని పేరు పెట్టావు. ఈ ఎముకే కదా విరిచావు."

"అవును," అంది మిస్టీ. "విరిచాను."

ఇంకేదైనా అంటుందని ఒపల్ చూసింది. ముసలావిడ నెమ్మదిగా కూర్చుంది.

"నన్ను ఏమన్నా అనండి. దాన్ని తీసెయ్యకు ట్విలా."

ట్విలా చేతులు కట్టుకుని ఆమెను ఎగాదిగా చూసింది.

"నీకొక సంగతి చెప్పనా మిస్టీ? నీ ఎడమ కాలు వణికేది. ప్రతి ఆటలోనూ. పైన నువ్వు రాణిలా నవ్వేదానివి, నా చేతుల్లో నీ పాదం పిచ్చుక పిల్లలా కొట్టుకునేది. ఆ కాలు ఎప్పుడు ఎటు పోతుందో నీకు తెలిసేది కాదు. నాకు తెలిసేది. ఎందుకంటే చూసేదాన్ని. నీకు భయమని ఎవరికీ చెప్పలేదు."

మిస్టీ మొహం తెల్లబోయింది. ఆ సంగతి ప్రపంచంలో తనకొక్కదానికే తెలుసని ఇన్నాళ్ళూ అనుకుంది.

"పైన నిలబడే పిల్ల ఎక్కడైనా దొరుకుతుంది," అంది ట్విలా. "చూపు తిప్పని పిల్ల దొరకదు. ఎంపికల రోజున నీ కూతుర్ని చూడగానే కింద నిలబెట్టింది అందుకే. బరువుందని కాదు. నువ్వు దానికి అదే పాడుచేశావు."

"మరి నేనేం చెయ్యను?"

"నన్నడగకు. ఎవరి చేతుల్లో నిలబడాలో ఇక్కడ పైనున్న పిల్లే చెప్తుంది. చెప్పు మేసీ. కట్టు విప్పాక పేస్లీ చేతుల్లో ఎక్కుతావా?"

మేసీ కట్టు వంక చూసుకుంది. పచ్చని కట్టు, అప్పుడే దాని మీద ఎవరో పువ్వులు గీశారు. పేస్లీ వంక చూసింది.

"ఎక్కాలనే ఉంది," అంది. "ఎమరీ చేతులు చెమట పట్టేస్తాయి. పేస్లీవి పట్టవు. కానీ భయంగా ఉంది." మిస్టీ వైపు తిరిగింది. "ముందు మిస్టీ ఆంటీని ఎక్కించి చూపించమనండి. ఆవిడ పైనుంటే కూడా పేస్లీ చూపు తిప్పకపోతే, అప్పుడు నమ్ముతా."

ట్విలాకి నవ్వొచ్చింది. దాచుకోలేదు. "విన్నావా? బూట్లు విప్పు."

"నేనా? ఈ వయసులోనా? ట్విలా, పిచ్చా ఏంటి?"

"నడుము ఎత్తుకే. వెనక నేనుంటా. మీద పడ్డా నాకు కొత్తేం కాదు."

"అమ్మా, వద్దులే," అంది పేస్లీ.

మిస్టీ కూతురి చేతిలోని పువ్వు తీసుకుంది. నలిగిన రెక్కలు సాపు చేసి, ఈసారి నొప్పి పుట్టకుండా, ఆ పిల్ల నెత్తిన గుచ్చింది. బూట్లు విప్పింది.

ప్రాక్టీసుకి ముందే వచ్చి బయట కూర్చున్న ఎమరీని పిలిచారు. కుడి పక్క ఎమరీ, ఎడమ పక్క పేస్లీ. వెనక ట్విలా నడుము పట్టుకుంది. పాత జిమ్ దీపాల కింద మిస్టీ వాళ్ళ అరచేతుల్లో పాదాలు పెట్టింది. "లే!" అంది ట్విలా.

గాల్లోకి లేచింది. ఎక్కువ ఎత్తు కాదు. ఒంట్లో పాత అలవాటు తనంతట తానే మేల్కొంది. చేతులు చాచుకున్నాయి. నవ్వు పాకింది. గడ్డం పైకి లేచింది, అదే సైగ, కూతురికి పెరట్లో నేర్పిన సైగ.

మిస్టీకి భయమేసింది. పేస్లీ ఈ సైగ చూస్తుంది. అలవాటు పడిపోయింది కదా, ఇప్పుడు ముందుకి తిరిగి నవ్వుతుంది. ఎడమ కాలు వణకడం మొదలైంది.

తన జీవితంలో మొదటిసారి మిస్టీ కిందికి చూసింది.

పేస్లీ మెడ వెనక్కి వాల్చి ఉంది. నోరు కొంచెం తెరిచి ఉంది. మెడ నరాలు పొంగి ఉన్నాయి. ఆ కళ్ళు తల్లి మొహానికి అతుక్కుపోయి ఉన్నాయి. రెప్ప వాలడం లేదు. పాదం ఎటు వణికితే ఆ చేతులు అటు సర్దుకుంటున్నాయి. ఇంతలా తన వంక చూసిన మనిషి ఈ లోకంలో ఉందని మిస్టీకి తెలియదు. ఒకప్పుడు మరో మనిషి కూడా ఇలాగే చూసి ఉంటుందని, ఆ మనిషి ఇప్పుడు తన నడుము పట్టుకుని వెనక నిలబడి ఉందని, ఆ మాట గుర్తుకు రాగానే కళ్ళు నిండిపోయాయి. ఒక బొట్టు రాలి పేస్లీ నుదుటి మీద పడింది. అయినా ఆ పిల్ల కన్ను ఆర్పలేదు.

"అమ్మా," అంది పేస్లీ బిగపట్టిన గొంతుతో, "కిందికి చూడకూడదు. రూలు."

"నోర్ముయ్యవే," అంది మిస్టీ ఏడుస్తూ. "ఒక్క నిమిషం చూడనీ."

"ఎడమ కాలు ఇంకా వణుకుతూనే ఉందే," అంది వెనక నుంచి ట్విలా.

"ఉండనీ కోచ్," అంది పేస్లీ. "పట్టుకున్నాగా."

బెంచీ మీద మేసీ ఒంటి చేత్తో తొడ మీద చప్పట్లు చరిచింది.